మామిడి తోటలో సెన్సర్ మెష్: ముందు లెక్క, తర్వాత కొలత, ఆపైనే సిమ్యులేషన్

నూజివీడు ప్రాంతంలో కనిపించే తరహా మామిడి తోటనే ఉదాహరణగా తీసుకుందాం. పొడవు 400 మీటర్లు, వెడల్పు 200 మీటర్లు, అంటే దాదాపు 20 ఎకరాలు. చెట్టుకీ చెట్టుకీ 10 మీటర్ల ఎడం, ఎకరాకు 40 చెట్లు. డ్రిప్‌ను రెండేసి ఎకరాల చొప్పున 10 బ్లాకులు చేసి, ఒక్కో బ్లాకుకు ఒక వాల్వు పెట్టారు. మోటారు షెడ్డు తోట పొడవాటి గట్టు మధ్యలో ఉంది. ప్రతి బ్లాకులో రెండు చోట్ల, 30, 60 సెంటీమీటర్ల లోతుల్లో నేల తేమ కొలవాలి. వాల్వులను షెడ్డు నుంచే తిప్పాలి. లెక్క వేస్తే 20 సెన్సర్ నోడ్లు (రేడియో ఉన్న చిన్న బోర్డులు), 10 వాల్వు నోడ్లు, వాటన్నిటి మాటా షెడ్డులో అందుకునే ఒక గేట్‌వే, మొత్తం 31.

ఈ పనికి చాలామంది మొదటిరోజే సిమ్యులేటర్ (నెట్‌వర్క్‌ను కంప్యూటర్‌లోనే నడిపి చూపే సాఫ్ట్‌వేర్) తెరుస్తారు. మ్యాప్ మీద చుక్కలు పెట్టి, అన్నీ కలిశాయని సంతోషపడి, బోర్డులు కొనేస్తారు. తోటలోకి వెళ్లాక సగం నోడ్లు పలకవు. సిమ్యులేటర్ తప్పు చెప్పలేదు. దానికి తోట గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు, అంతే. అందుకే దాన్ని ఈ పనిలో చివరికి ఉంచాం.

అసలు మెష్ కావాలా?

తేమ రీడింగులు పదిహేను నిమిషాలకోసారి షెడ్డుకు చేరితే చాలనుకుంటే మెష్ (నోడ్లు ఒకదాని మాట ఒకటి అందుకుని గేట్‌వే దాకా చేరవేసే నెట్‌వర్క్) జోలికి వెళ్లకండి. నెమ్మదిగానైనా దూరం వెళ్లే లోరా రేడియో చాలు. మన దేశంలో లైసెన్సు అక్కర్లేని 865–867 మెగాహెర్ట్జ్ బ్యాండును 2021లో 868 దాకా పెంచారు. ఆ బ్యాండులో షెడ్డు నుంచి తోట మూలకు, అంటే 283 మీటర్లకు, ఆకుల నష్టం కలిపినా సుమారు 108 డెసిబెల్సే పోతాయి. ఎస్‌ఎఫ్7 (స్ప్రెడింగ్ ఫ్యాక్టర్; అంకె పెరిగేకొద్దీ దూరం పెరిగి వేగం తగ్గుతుంది) దగ్గర లోరా రేడియో 14 డీబీఎం (రేడియో శక్తి కొలమానం) పంపితే, 15 డెసిబెల్స్ మార్జిన్ పక్కన పెట్టాక కూడా 124 దాకా తట్టుకుంటుంది. ఒక్క గెంతులో, అంటే మధ్యలో మరో నోడు సాయం లేకుండానే, పని అయిపోతుంది. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి: 'ఎందుకైనా మంచిది' అని ఎస్‌ఎఫ్12 పెట్టొద్దు. 20 బైట్ల డేటా ఉన్న లోరావాన్ (లోరా మీద నడిచే నెట్‌వర్క్ పద్ధతి) ప్యాకెట్ ఎస్‌ఎఫ్7లో 72 మిల్లీసెకన్లలో వెళ్తుంది, ఎస్‌ఎఫ్12లో 1.8 సెకన్లు గాలిని ఆక్రమిస్తుంది. బ్యాటరీ కూడా అదే పాళ్లలో తరుగుతుంది.

చిక్కు వాల్వుల దగ్గర వస్తుంది. లోరావాన్ క్లాస్ ఏలో నోడు తనంతట తాను ఏదైనా పంపిన తర్వాతే గేట్‌వే మాట వింటుంది. 'వాల్వు మూయి' అన్న కమాండు పావుగంట ఆగాలి. క్లాస్ సీలో రిసీవర్ ఎప్పుడూ వింటూనే ఉంటుంది కాబట్టి సుమారు 4.6 మిల్లీఆంపియర్లు నిరంతరం లాగుతుంది. 2500 ఎంఏహెచ్ బ్యాటరీ మూడు వారాలకే అయిపోతుంది. చెట్ల నీడలో సోలార్ ప్యానెల్ మీద ఆశ పెట్టుకోలేం. బ్యాటరీతో నడుస్తూ, కమాండు అందిన సెకను రెండు సెకన్లలో వాల్వు తిరగాలంటే టైమ్ స్లాట్లతో నడిచే మెష్ (టీఎస్‌సీహెచ్) సరైన దారి. ఇక్కడి నుంచి ఆ దారినే చూద్దాం: 2.4 గిగాహెర్ట్జ్, 802.15.4 (తక్కువ శక్తి రేడియోల ప్రమాణం) రేడియో, కాంటికి-ఎన్‌జీ (చిన్న బోర్డుల ఓపెన్‌సోర్స్ ఆపరేటింగ్ సిస్టం) ఫర్మ్‌వేర్, రూటింగ్‌కు ఆర్‌పీఎల్ (ఏ నోడు ఎవరి ద్వారా పంపాలో తేల్చే ప్రోటోకాల్).

కాగితం మీద లింకు బడ్జెట్

చిప్ సీసీ2652ఆర్ అనుకుందాం. పంపే శక్తి 5 డీబీఎం, వినగలిగే కనిష్ఠ స్థాయి మైనస్ 100 డీబీఎం. రెండు చివరలా 2 డీబీఐ లాభమున్న యాంటెన్నాలు. కనెక్టర్లు, పెట్టె గోడ కలిసి 2 డెసిబెల్స్ తినేస్తాయి. 5 + 2 + 2 + 100 − 2 = 107. దీంట్లో 15 డెసిబెల్స్ మార్జిన్ తీసేస్తే దారిలో పోగొట్టుకోగలిగింది 92 డెసిబెల్స్. ఆ 15లో చేతివాటం చూపొద్దు. వాన తడి, కొత్త చిగురు, పక్కకు వంగిన యాంటెన్నా, నీరసించిన బ్యాటరీ, అన్నీ అందులోంచే తింటాయి.

ఖాళీ గాలిలో నష్టానికి సూత్రం: 32.44 + 20 లాగ్ (కిలోమీటర్లలో దూరం) + 20 లాగ్ (మెగాహెర్ట్జ్‌లో ఫ్రీక్వెన్సీ). 60 మీటర్లకు, 2450 మెగాహెర్ట్జ్ దగ్గర 75.8 డెసిబెల్స్ వస్తుంది. దీనికి ఆకుల నష్టం కలపాలి. వైస్‌బర్గర్ సూత్రం ప్రకారం 14 నుంచి 400 మీటర్ల ఆకుల మందానికి నష్టం = 1.33 × (గిగాహెర్ట్జ్ ఘాతం 0.284) × (మీటర్లలో మందం ఘాతం 0.588). 10 మీటర్ల ఎడంలో ఎదిగిన మామిడి చెట్ల మధ్య, దూరంలో మూడింట రెండొంతులు కొమ్మలే అడ్డుంటాయనుకుంటే 60 మీటర్లకు 40 మీటర్ల ఆకు. నష్టం 15 డెసిబెల్స్. మొత్తం 90.8. మన 92 లోపలే.

అదే 100 మీటర్లకు 80.2 + 20.3 = 100.5. ఇది 107 కన్నా తక్కువే కాబట్టి బోర్డులు పెట్టిన రోజున లింకు పనిచేస్తుంది. మోసమంతా ఇక్కడే ఉంది. మిగిలిన మార్జిన్ 6.5 డెసిబెల్సే. మొదటి పెద్ద వానకు ఆ లింకు ఉంటుందో ఊడుతుందో చెప్పలేం. కాబట్టి ఈ తోటకు గెంతు పరిమితి 60 మీటర్లు.

ఇప్పుడు ఎత్తు. రెండు యాంటెన్నాల మధ్య కనిపించే సరళరేఖ ఒక్కటే చాలదు, దాని చుట్టూ సిగ్నల్ పరుచుకునే ఫ్రెనెల్ జోన్ కూడా ఖాళీగా ఉండాలి. 60 మీటర్ల లింకుకు మధ్యలో దాని వ్యాసార్థం 1.35 మీటర్లు, అందులో కనీసం 60 శాతం, అంటే 0.8 మీటరు తెరిపిగా ఉండాలి. డ్రిప్ పైపు పక్కన అర మీటరు ఎత్తులో పెట్టిన నోడుకు నేలే అడ్డం. 1.5 మీటర్ల జీఐ పైపు పాతి, పైకొసకు పెట్టె బిగించండి. యాంటెన్నా నిలువుగా, పైపు ఇనుముకు కనీసం 12 సెంటీమీటర్లు (ఒక తరంగదైర్ఘ్యం) పైన ఉండాలి. పైపును చెట్ల వరసలోనే పాతండి. సాళ్ల మధ్య పాతితే సిగ్నల్ బాగుంటుంది కానీ, మొదటి దున్నకానికే ట్రాక్టరు దాన్ని పడగొడుతుంది.

నోడ్ల లెక్క కూడా ఇక్కడే తేలిపోతుంది. 80,000 చదరపు మీటర్లలో 31 నోడ్లంటే ఒక్కోదానికి 2,580 చదరపు మీటర్లు. 60 మీటర్ల వృత్తంలో సగటున నాలుగు పొరుగు నోడ్లు పడతాయి. గట్టు మీదున్న వాటికి రెండే. ప్రతి నోడుకూ పైకి పంపగలిగే తల్లి నోడ్లు కనీసం రెండు, వీలైతే మూడు ఉండాలన్నది మా పట్టు. షెడ్డు గట్టు మీద ఉంది కాబట్టి గేట్‌వేకు దక్కేది సగం వృత్తమే. మిగతా ముప్పై నోడ్ల మాట రెండు నోడ్ల గుండా పోవాలి. ఆ రెండిట్లో ఒకటి చస్తే సగం తోట మూగబోతుంది. షెడ్డుకు 40 మీటర్ల లోపల రెండు రిలే నోడ్లు, దూరపు మూలల దగ్గర ఒక్కొక్కటి, మొత్తం నాలుగు అదనంగా వేసుకోండి. 35 అయ్యాయి.

తోటలో కొలత

35 బోర్డులూ ఒకేసారి కొనొద్దు. ఎనిమిది కొనండి. 10, 20, 40, 60, 80, 100 మీటర్ల దూరాల్లో, వరస వెంబడి ఒకసారి, వరసకు ఐమూలగా ఒకసారి కొలవండి. వరస వెంబడి మానుల మీదుగా, ఐమూలగా కొమ్మల మీదుగా పోతుంది కాబట్టి రెండిటికీ తేడా వస్తుంది. ఒక్కో లింకుకు 100 మిల్లీసెకన్లకొకటి చొప్పున 500 ప్యాకెట్లు పంపి, ఎన్ని అందాయో, ఆర్‌ఎస్‌ఎస్‌ఐ (అందిన సిగ్నల్ బలం) ఎంతో రాసుకోండి. రెండు వైపులా కొలవాలి. 'ఇటు వినిపిస్తే అటూ వినిపిస్తుంది' అనుకోవడం ఈ రంగంలో ఎక్కువమంది చేసే పొరపాటు. బోర్డు బోర్డుకూ పంపే శక్తిలో, చుట్టూ ఉన్న రొదలో తేడా ఉంటుంది.

వచ్చిన అంకెలను లాగ్ దూరం మీద గీసి గీత పట్టించండి. ఉదాహరణకు 10 మీటర్ల దగ్గర మైనస్ 62, 60 మీటర్ల దగ్గర మైనస్ 82 డీబీఎం వచ్చాయనుకోండి. 20 డెసిబెల్స్ తేడాను 10 లాగ్ 6 తో, అంటే 7.78తో భాగిస్తే 2.57. అదే మీ తోట పాత్‌లాస్ ఘాతాంకం, అంటే దూరంతో సిగ్నల్ ఎంత వేగంగా తగ్గుతుందో చెప్పే అంకె. చుక్కలు గీతకు ఎంత ఎడంగా చెదిరాయో కూడా లెక్కించండి. ఆ చెదురు 5 డెసిబెల్స్ దాటితే గెంతు పరిమితిని మరో 10 మీటర్లు తగ్గించండి.

ఎప్పుడు కొలిచారన్నదీ ముఖ్యమే. మధ్యాహ్నం ఎండలో వచ్చిన అంకె, తెల్లవారుజామున మంచు పట్టిన ఆకుల మధ్య వచ్చే అంకె ఒకటి కావు. రెండు పూటలా కొలిచి అధ్వానమైనదాన్నే వాడండి. మోటారు నడుస్తుండగా షెడ్డు దగ్గర ఒకసారి తప్పక కొలవండి. స్పీడ్ మార్చే డ్రైవ్ ఉన్న మోటారైతే దాని నుంచి వచ్చే రొద సెన్సర్ వైర్లలోకి, పవర్ సప్లైలోకి ఎక్కుతుంది. గేట్‌వేను స్టార్టర్ పెట్టెకు మూడు మీటర్లయినా దూరం ఉంచండి.

షెడ్డులోనో పక్క ఇంట్లోనో వైఫై ఉంటే ఛానెళ్లు చూసుకోండి. వైఫై 1, 6, 11 ఛానెళ్ల సందుల్లో పడేవి 802.15.4 వారి 15, 20, 25, 26. కాంటికి-ఎన్‌జీలో టీఎస్‌సీహెచ్ ఛానెల్ మారుస్తూ గెంతే వరస మామూలుగా ఈ నాలుగింటి మీదే ఉంటుంది. దాన్ని కదపొద్దు.

సిమ్యులేటర్‌కు తోటను చూపించడం

కూజా అనే సిమ్యులేటర్ కాంటికి-ఎన్‌జీతోపాటే వస్తుంది. డాకర్ ఇమేజ్ (సిద్ధంగా కూర్చిన సాఫ్ట్‌వేర్ మూట) దించుకుంటే కంపైలర్లతో సహా అన్నీ అందులోనే ఉంటాయి. కొత్త సిమ్యులేషన్ తెరవగానే రేడియో మాధ్యమం (సిగ్నల్ ఎలా అందుతుందో చెప్పే నమూనా) ఏదని అడుగుతుంది. మొదట కనిపించేది యూడీజీఎం. దీంట్లో ప్రతి నోడు చుట్టూ 50 మీటర్ల ప్రసార వృత్తం, 100 మీటర్ల అంతరాయ వృత్తం ఉంటాయి. విజయ నిష్పత్తి 1.0గానే వదిలేస్తే 49 మీటర్ల దగ్గర నూటికి నూరు ప్యాకెట్లు అందుతాయి, 51 దగ్గర ఒక్కటీ అందదు. ఏ తోటలోనూ రేడియో ఇలా ప్రవర్తించదు. మీ ఫర్మ్‌వేర్‌లో తప్పులు పట్టడానికి యూడీజీఎం మంచిదే. ప్లానింగ్‌కు మాత్రం పనికిరాదు.

ప్లానింగ్‌కు డీజీఆర్‌ఎం ఎంచుకోండి. ఇందులో వృత్తాలు ఉండవు. 'ఈ నోడు నుంచి ఆ నోడుకు ఇంత నిష్పత్తి, ఇంత ఆర్‌ఎస్‌ఎస్‌ఐ' అని ఒక్కో లింకునూ మీరే రాయాలి. కొలిచిన లింకులకు కొలిచిన అంకెలు, కొలవనివాటికి మీరు పట్టించిన గీత నుంచి వచ్చిన అంకెలకు చెదురు కలిపి రాయండి. రానూ పోనూ విడివిడిగా రాయాలి. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ప్యాకెట్ అర్థం కానంత బలహీనమైన సిగ్నల్ కూడా పక్కవాడి ప్యాకెట్‌ను చెడగొట్టగలదు. డీజీఆర్‌ఎంలో లింకు రాయకపోతే ఆ నోడు అస్సలు లేనట్టే లెక్క, అంతరాయమూ ఉండదు. కాబట్టి 100–150 మీటర్ల దూరపు జంటలకు నిష్పత్తి సున్నాగా లింకు రాసి పెట్టండి. అప్పుడు అది వినబడదు కానీ అడ్డం పడుతుంది, తోటలో జరిగేదీ అదే. వందల లింకులు చేత్తో కొట్టలేరు. పట్టికలోంచి సిమ్యులేషన్ ఫైలు రాసే చిన్న పైథాన్ స్క్రిప్టు చేసుకోండి.

నోడు రకంగా కూజా మోట్ వాడితే వేగంగా నడుస్తుంది, కానీ మూడు విషయాలు దాస్తుంది. మొదటిది, కోడ్ నడవడానికి సమయమే పట్టనట్టు చూపిస్తుంది. రెండోది, పొరుగు పట్టిక, రూటు పట్టిక దాంట్లో చాలా పెద్దవిగా పెట్టి ఉంటాయి. అసలు బోర్డు మీద ఈ రెండూ మామూలుగా 16. సిమ్యులేషన్‌లో 35 నోడ్లూ కలుస్తాయి. తోటలో పదహారు దాటగానే మిగతావాటికి గేట్‌వే నుంచి కమాండ్లు వెళ్లవు, రీడింగులు మాత్రం వస్తుంటాయి. తప్పెక్కడో దొరక్క రోజులు పోతాయి. ప్రాజెక్టు కాన్ఫిగరేషన్ ఫైల్లో గేట్‌వే రూటు పట్టికను 40కి పెంచి, అదే అంకెను సిమ్యులేషన్‌లోనూ పెట్టండి. మూడోది, అన్ని గడియారాలూ సరిగ్గా ఒకేలా నడుస్తాయి. నిజం బోర్డుల క్రిస్టళ్లు చెరో 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు) తప్పితే రెండిటి మధ్య 40 పీపీఎం, అంటే సెకనుకు 40 మైక్రోసెకన్ల తేడా. స్లాట్‌లో వినే కిటికీ 2.2 మిల్లీసెకన్లు, అటూ ఇటూ 1.1. సుమారు 27 సెకన్లు ఏ ప్యాకెట్టూ రాకపోతే జత తప్పుతుంది. ఎండలో పెట్టె కాగినప్పుడు ఇంకా త్వరగా తప్పొచ్చు. కీప్‌అలైవ్ (జత తప్పకుండా పంపే చిన్న ప్యాకెట్) వ్యవధి 10–12 సెకన్లకు మించనీయకండి.

నడిపించడం, చదవడం

ఆర్‌పీఎల్ తన డీఐఓ (దారిని ప్రకటించే) సందేశాలను 4 సెకన్లకోసారి మొదలుపెట్టి, స్థిరపడేకొద్దీ రెట్టింపు చేస్తూ 17 నిమిషాల దాకా తీసుకెళ్తుంది. కాబట్టి మొదటి అరగంట అంకెలు పారేయండి. ఆ తర్వాత కనీసం నాలుగు గంటల సిమ్యులేషన్ కాలం నడపండి. విత్తన సంఖ్య (సిమ్యులేటర్ యాదృచ్ఛిక అంకెలకు మొదలు, సీడ్) మారుస్తూ పదిసార్లు నడపాలి. తెర లేకుండా కమాండ్ లైను నుంచి నడిపితే రాత్రికి రాత్రి అయిపోతుంది. ఒక్కసారి నడిపి వచ్చిన గ్రాఫు మీద డబ్బు పెట్టకండి.

చూడాల్సినవి: గేట్‌వేకు చేరిన రీడింగుల శాతం (99 కన్నా తగ్గకూడదు), వాల్వు కమాండు ఆలస్యం (సగటు కాదు, నూటికి 95 కమాండ్లు ఎంతలో చేరాయి అన్నది), ఒక్కో నోడు ఎన్నిసార్లు తల్లిని మార్చింది, రేడియో ఎంత శాతం సమయం మెలకువగా ఉంది. చేరిన శాతం ఒక్కటే చూస్తే మోసపోతారు. రానూ పోనూ 70 శాతమే అందే లింకులో ప్యాకెట్, దాని జవాబు రెండూ ఒకే ప్రయత్నంలో దక్కే అవకాశం 49 శాతం. ఎనిమిది ప్రయత్నాల్లోనూ విఫలమయ్యేది 0.5 శాతం లోపే, కాబట్టి రిపోర్టులో లింకు బాగున్నట్టే కనిపిస్తుంది. కానీ ప్రతి ప్యాకెట్‌కూ రెండింతల శక్తి పోతోంది. అలాంటి లింకు దగ్గర ఒక రిలే వేసి మళ్లీ నడపండి.

తర్వాత నోడ్లను చంపి చూడండి. షెడ్డు పక్కనున్న నోడును గంట దాటాక తీసేసి, మిగతావి ఎంతసేపటికి కొత్త దారి పట్టాయో లెక్కించండి. ఈ పరీక్ష కాగితం మీద చేయలేం, తోటలో చేయడం ఖరీదు. సిమ్యులేటర్ ఉన్నది ప్రధానంగా దీనికే. గేట్‌వే చుట్టూ ఉన్న ప్రతి నోడుతోనూ విడివిడిగా చేయండి.

ఇంకో పరీక్ష: నోడ్లన్నీ సరిగ్గా గంట కొట్టగానే రీడింగు పంపేలా రాసి చూడండి. ఆర్కెస్ట్రా (కాంటికి-ఎన్‌జీలో నోడ్లకు స్లాట్లు పంచే పద్ధతి) షెడ్యూలులో గేట్‌వే వినే స్లాటు 17 స్లాట్లకొకటి, అంటే 170 మిల్లీసెకన్లకొకటి. సెకనుకు ఆరు ప్యాకెట్ల లోపే. ముప్పై నోడ్లు ఒకేసారి ఎగబడితే పిల్లలంతా అదే స్లాటులో ఢీకొంటారు, క్యూలు నిండి ప్యాకెట్లు రాలిపోతాయి. పంపే ముందు సున్నా నుంచి 60 సెకన్ల మధ్య యాదృచ్ఛికంగా ఆగమని ఒక్క వాక్యం కోడ్ చేర్చండి. చేరిన రీడింగుల శాతం వెంటనే మారిపోవడం కళ్లారా చూస్తారు.

బ్యాటరీ

10 మిల్లీసెకన్ల స్లాటులో ఎవరూ పంపకపోయినా నోడు 2.2 మిల్లీసెకన్లు వింటుంది. 17 స్లాట్ల యూనికాస్ట్ (ఒక్క నోడుకే పంపే) వరసకు 2.2/170, అంటే 1.3 శాతం. 31 స్లాట్ల ఉమ్మడి వరసకు 0.7 శాతం. 397 స్లాట్ల బీకన్ (గడియారాలు కలిపే సందేశాల) వరస లెక్కలోకి రాదు. ఊరికే ఉండటానికే 2 శాతం. రిసీవర్ 6.9 మిల్లీఆంపియర్లయితే సగటు 0.14. రెండు ఏఏ ఆల్కలైన్ సెల్స్ (2500 ఎంఏహెచ్) లెక్క ప్రకారం రెండేళ్లు, వేడికి, కారుడుకు తీసేస్తే ఏడాది పైచిలుకు. యూనికాస్ట్ వరసను 47కు పెంచితే 1.3 శాతం కాస్తా 0.5 అవుతుంది, కానీ గెంతుకు ఆలస్యం 470 మిల్లీసెకన్ల దాకా పోతుంది. ఐదు గెంతుల దూరంలో ఉన్న వాల్వుకు అధ్వాన స్థితిలో 2.35 సెకన్లు. మామిడికి ఆ ఆలస్యంతో ఇబ్బందేమీ లేదు. షెడ్డు పక్క రిలేలు ఎక్కువ మోస్తాయి, వాటికి షెడ్డు నుంచే కరెంటు ఇవ్వండి.

బిగించిన రోజున

అన్నీ నిలబెట్టాక ఒక్కో నోడు వంతులవారీగా 500 ప్యాకెట్లు పంపాలి, మిగతావన్నీ వింటూ లెక్క రాసుకోవాలి. నోడుకు 50 సెకన్లు, 35 నోడ్లకు అరగంట. మొత్తం తోట లింకుల పట్టిక మీ చేతికొస్తుంది. దాన్నే డీజీఆర్‌ఎంలో పెట్టి సిమ్యులేషన్ మళ్లీ నడపండి. తోటలో వచ్చిన శాతానికీ సిమ్యులేషన్ శాతానికీ బాగా తేడా ఉంటే ముందు పెట్టెలు చూడండి: మూత రబ్బరు సరిగ్గా కూర్చోక తేమ చేరిందా, కేబుల్ గ్లాండు సందులోంచి చీమలు దూరాయా, యాంటెన్నా కనెక్టర్ వదులైందా. కోడ్ సంగతి ఆ తర్వాత.

ప్రతి రీడింగుతోపాటు అప్పటి తల్లి నోడు సంఖ్య, దాని ఆర్‌ఎస్‌ఎస్‌ఐ కూడా పంపించండి, మొత్తం మూడు బైట్లు. కోతలయ్యాక కొమ్మలు కత్తిరించినప్పుడు ఆ అంకె పెరుగుతుంది, వానలకు కొత్త చిగురు వచ్చి ఆకు ముదిరేకొద్దీ పడిపోతుంది. ఏ లింకు మైనస్ 88 డీబీఎం కిందికి జారిందో అక్కడికి, అది తెగకముందే, సంచిలో ఉన్న అదనపు రిలే ఒకటి తీసుకెళ్లి పాతండి.